నాయన మాత్రలు మానేసి వాచీ కట్టుకున్నాడు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు పెళ్ళయి అనంతపురంలో ఉంటున్నాను. అమ్మా నాయనా ఉరవకొండ పక్కన పల్లెలో ఉంటారు. నాయనకు 62 ఏళ్ళు, తొమ్మిదేళ్ళుగా షుగర్. పోయిన సంవత్సరం తమ్ముడు మంచి ఫోన్ కొనిచ్చాడు. అప్పటినుంచి పొద్దస్తమానం ఆరోగ్యం వీడియోలే. కొర్రలు తింటే షుగర్ మాత్రలు అక్కర్లేదని ఎవరో చెప్పారట, రెండు నెలలుగా మాత్రలు మానేశాడు. ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టి మూడు వేలకు ఏదో పొడి తెప్పించాడు. సూది గుచ్చకుండానే షుగర్ చూపిస్తుందని ఒక వాచీ కూడా కొన్నాడు. దాంట్లో ఎప్పుడు చూసినా 110, 115. ‘చూడు, తగ్గిపోయింది’ అంటాడు. మనిషి మాత్రం చిక్కిపోయాడు. రాత్రిపూట నాలుగైదు సార్లు లేస్తున్నాడని అమ్మ చెప్తోంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఊర్లో ఏఎన్ఎం అక్క హెల్త్ ఐడీ చేస్తానని వచ్చి ఓటీపీ అడిగితే ‘ఓటీపీ దొంగలు, పోండి’ అని తరిమేశాడు. బెంగళూరులో ఉన్న తమ్ముడేమో ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడిద్దాం అంటున్నాడు. నాకేమో ఆ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేయాలనుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక కూతురు, అనంతపురం

జవాబు: నా కూతురికంటే చిన్నదానిలా ఉన్నావు, నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోవద్దు. కడప జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్ళు ఆరోగ్య కార్యకర్తగా తిరిగి రిటైరైనదాన్ని. మీ నాయనలాంటి వాళ్ళ ఇళ్ళ గడపలు చాలా తొక్కాను.

ఫోన్ సంగతి తర్వాత. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వాచీ కాదు. చిక్కిపోయాడు, రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నాడు అన్న మాట. వాచీ చెప్పే 115 నిజమైతే ఇవి రెండూ ఉండకూడదు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటాక మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ చక్కెర పోతూ పోతూ నీళ్ళను కూడా వెంట లాక్కుపోతుంది. దప్పిక, పదేపదే లేవడం, తిన్నది ఒంటికి పట్టకపోవడం అన్నీ అక్కడినుంచే. అరవై దాటిన మగవాళ్ళకు ప్రొస్టేట్ వల్ల కూడా రాత్రి లేవాల్సి రావచ్చు. కానీ దానికి తోడు మనిషి చిక్కిపోతున్నాడంటే మాత్రం ముందు షుగర్‌నే అనుమానించాలి.

కాబట్టి ఈ వారం దాటనీయొద్దు. పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, ఈ మూడు పరీక్షలు చేయించు. హెచ్‌బీఏ1సీ అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్. ఒక్కపూట ఉపవాసం ఉండి దాన్ని మభ్యపెట్టలేం. మీ నాయన మాత్రలు మానేసి సరిగ్గా రెండు నెలలు కదా, కొర్రలను, పొడిని, వాచీని మూడింటినీ అది ఒకేసారి పరీక్షకు కూర్చోబెడుతుంది. క్రియాటినిన్ కిడ్నీల కోసం. ఆ పొడిలో ఏముందో మనకు తెలియదు కాబట్టి అది కూడా కావాలి.

ఇంకో మాట. భయపడి పాత మాత్రలు మళ్ళీ అదే మోతాదులో మీరే మొదలు పెట్టించొద్దు. తిండి మారింది, బరువు తగ్గింది, మధ్యలో పొడి చేరింది. పాత మోతాదు ఇప్పుడు ఎక్కువై షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. రిపోర్టు చూసి డాక్టరే చెప్పాలి. ఈలోగా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టుల కోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ పనికొచ్చే మొదటి చోటు అదే.

ఇక అసలు విషయం. మీ నాయన ఫోన్‌లో కనిపించినవాడికి మూడు వేలు పంపాడు. గడప దగ్గరికి వచ్చిన ఏఎన్ఎంను దొంగ అన్నాడు. నువ్వు విచిత్రం అని రాశావు గానీ నాకు వింతేమీ అనిపించలేదు. ఆసుపత్రిలో ఓపీ దగ్గర గంటన్నర నిలబడితే డాక్టరు రెండు నిమిషాలు చూసి చీటీ రాస్తాడు. ఆయన తప్పు కాదు, వెనక వంద మంది ఉంటారు. వీడియోలో మనిషి అలా కాదు. నలభై నిమిషాలు కూర్చుని, ‘అన్నా, మీ బాధ నాకు తెలుసు’ అంటాడు. మధ్యలో కిడ్నీలు పాడవుతాయి, డయాలసిస్ చేయించుకోవాల్సి వస్తుంది అని భయపెట్టి, చివర్లో దారి చూపిస్తాడు. తొమ్మిదేళ్ళుగా మాత్రలు మింగుతున్న మనిషికి ఆ భయం లోపల ఎప్పుడూ ఉంటుంది. మీ నాయన అమాయకుడు కాదమ్మా, భయపడ్డాడు. ఆ భయంతో మాట్లాడినవాడు ఇన్నేళ్ళలో వీడియోలో మనిషి ఒక్కడే.

ఆరోగ్యం గురించి ఫోన్‌లో ఏది చూసినా నేను ఒకటే అడుగుతాను. ఈ మాట తప్పయితే రేపు ఎవర్ని పట్టుకుని అడగాలి? ఏఎన్ఎం తప్పు చేస్తే ఆ అమ్మాయి ఎక్కడుంటుందో మీ ఊరంతా చెప్తుంది. ఆమె పైన పీహెచ్‌సీ డాక్టరు ఉన్నాడు. చీటీ రాసిన డాక్టరుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. వీడియో మనిషికి మీ నాయన పేరు తెలియదు, క్రియాటినిన్ ఎంతో తెలియదు, రేపు కాలికి పుండు పడితే ఆ సంగతీ తెలియదు. ఈ ఒక్క ప్రశ్న మీ నాయనకు నేర్పగలిగితే చాలు. నువ్వు అడిగిన మిగతా వాటికి జవాబులు చాలావరకు దాన్నుంచే వస్తాయి.

ముందు వాచీ. దాని వెనక పచ్చ లైటు వెలుగుతుంది కదా, అది చర్మం కింద రక్తం ఎలా కొట్టుకుంటోందో చూస్తుంది. నాడి ఎంత కొట్టుకుంటోందో చెప్పడానికి అది పనికొస్తుంది. చక్కెర చెప్పడానికి పనికిరాదు. 2024 ఫిబ్రవరి 21న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయమే జనాన్ని హెచ్చరించింది. చర్మం గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటి అంకెలను నమ్మి మందు వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చని చెప్పింది. జబ్బకు బిళ్ళలా అంటించి ఫోన్‌లో షుగర్ చూసుకునేవి వేరే ఉన్నాయి, అవి నిజమైనవే. వాటికింద వెంట్రుకలాంటి సన్నని తీగ చర్మం లోపలికి దిగి ఉంటుంది. ఒక్కో బిళ్ళ రెండు వారాల దాకా పనిచేస్తుంది, ఖర్చు వేలల్లో. ఇన్సులిన్ రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకునేవాళ్ళకు దానివల్ల మేలు. మీ నాయనకు ఇప్పుడు దాంతో పని లేదు.

ఇలాంటి వస్తువులు ఎప్పుడూ మనకు నచ్చే అంకెనే ఎందుకు చూపిస్తాయి అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఫోన్ మీద వేలు పెడితే బీపీ చెప్తానన్న యాప్ ఒకటి అమెరికాలో లక్షకు పైగా అమ్ముడుపోయింది. 2016లో పరిశోధకులు దాన్ని అసలు బీపీ మిషన్ పక్కన పెట్టి చూశారు. బీపీ ఎక్కువున్న ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి మీకేం లేదన్నట్టే చూపించిందట. 190 చూపించే వాచీని ఎవరు కొంటారు, కొన్నా పక్కింటాయనకు ఎవరు చెప్తారు?

మీ నాయనతో వాదించొద్దు. రైతు కదా, కళ్ళతో చూస్తే నమ్ముతాడు. ఒక పచ్చి అరటికాయ తెచ్చి, ఆ వాచీని దానికి బిగించి, షుగర్ చూడమను. మా మనవడి వాచీతో నేనే చేసి చూశాను. పులివెందుల అరటికాయకు గుండె నిమిషానికి 78 సార్లు కొట్టుకుంటోందని చూపించింది. కొన్ని వాచీలు తెలివైనవి, ఏమీ చూపకుండా ఊరుకుంటాయి. చూపిస్తే మాత్రం నీకు పది ఉపన్యాసాలు తప్పినట్టే. ఆ వెంటనే క్లినిక్‌లో వేలు గుచ్చి మీటరుతో చూపించండి. గుచ్చేముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న చేత్తో గుచ్చితే ఆ పండు చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. స్ట్రిప్ డబ్బా మీద గడువు తేదీ చూడండి. మీటరు కూడా అచ్చంగా ల్యాబు అంకె చెప్పదు. ల్యాబులో 200 ఉంటే మీటరు 170 నుంచి 230 దాకా చూపినా ప్రమాణం లోపలే లెక్క. కానీ 300 ఉన్నవాడికి 115 అని మాత్రం చెప్పదు.

కొర్రల మీద నాకు కోపం లేదు. మా జేజి కాలంలో కొర్రన్నం, సంగటి, జొన్నరొట్టె తినే బతికాం. పాలిష్ పట్టిన బియ్యం కంటే కొర్రలు మెల్లగా అరుగుతాయి, పీచు ఉంటుంది, మంచి తిండే. కానీ కొర్రల్లో కూడా నూటికి అరవై పాళ్ళు పిండిపదార్థమే. కొర్రలే కదా అని కంచం నిండా పెట్టుకుంటే షుగర్ పెరుగుతుంది. తిండి మార్చడం వల్ల కొంతమందికి మాత్రలు తగ్గుతాయి, అది నిజం. ఆ తగ్గించేది రిపోర్టు చూసి డాక్టరు. వీడియో చూసి మనం కాదు. ఇంట్లో కొర్రలు ఆపకండి. నాయన చేసిన దాంట్లో మంచి సగం అది, ఆ సగం ఆయనదే అని చెప్తే మిగతా సగం వినడానికి మనసొస్తుంది.

పొడి విషయంలో మాత్రం మెత్తగా ఉండొద్దు. మన దేశంలో 1954 నుంచే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. ఫలానా జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని ఒక పట్టీయే ఉంది అందులో. షుగర్, బీపీ రెండూ ఆ పట్టీలో ఉన్నాయి. అంటే ‘షుగర్‌ను మూలాల నుంచి తీసేస్తాం’ అన్న ప్రకటనే చట్టవిరుద్ధం, లోపల ఏముందో చూడక్కర్లేదు. ఇలాంటి పొడుల్లో ఇంగ్లీషు షుగర్ మందే నూరి కలిపి దొరికిన సందర్భాలున్నాయి. మోతాదు ఎవరికీ తెలియదు. ఒకరోజు ఎక్కువ పడితే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. అలా అయితే, మనిషికి తెలివుంటే, వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ షుగర్ చూడాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ ప్యాకెట్ పారేయకుండా సంచిలో వేసుకుపో.

ఇక ఏఎన్ఎం అమ్మాయి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్‌లాంటివి చూడటం, వివరాలు ట్యాబ్‌లో ఎక్కించడం ఇప్పుడు వాళ్ళ పనిలో భాగం. హెల్త్ ఐడీ అన్నది ఆభా నంబరు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2021 సెప్టెంబరు నుంచి దేశమంతా ఇస్తున్నారు. 14 అంకెలుంటాయి. దానివల్ల లాభమేమిటంటే, నువ్వు ఏ ఆసుపత్రిలో చూపించుకున్నా, ఆ ఆసుపత్రి ఇందులో చేరి ఉంటే, అక్కడి చీటీలు, రిపోర్టులు ఆ నంబరుకు జతపడతాయి. కాగితాలు ఎక్కడ పుట్టాయో అక్కడే ఉంటాయి. ఇంకో డాక్టరు చూడాలంటే నీ ఫోన్‌కు అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది, నువ్వు ఒప్పుకుంటేనే తెరుచుకుంటాయి.

చాలామంది దీన్ని ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుతోనో ఆయుష్మాన్ కార్డుతోనో కలిపేస్తారు. అవి ఆపరేషన్‌కో వైద్యానికో డబ్బు కట్టే పథకాలు. ఆభా నంబరుతో ఒక్క రూపాయీ రాదు, అది కేవలం కాగితాల సంచికి తగిలించిన పేరు. ఇష్టముంటేనే తీసుకోవచ్చు. అది లేదని వైద్యం చేయం అనడానికి ఎవరికీ వీల్లేదు.

ఓటీపీ ఎందుకంటే, ఆధార్‌తో ఆ నంబరు చేసేటప్పుడు ఆధార్‌కు జతైన ఫోన్‌కు వస్తుంది. మీ నాయన ఓటీపీ అనగానే ఉలిక్కిపడ్డం తప్పు కాదు, అది మంచి అలవాటే. తప్పు మనిషి మీద ప్రయోగించాడు, అంతే. అడిగేవాళ్ళ తప్పు కూడా కొంత ఉంది. రోజుకు ఇన్ని చేయాలన్న టార్గెట్ నెత్తిన ఉంటే, ‘అవ్వా, నంబరు చెప్పు, నంబరు చెప్పు’ అని తొందర పెడతారు. ఎందుకో చెప్పరు. నేను ఉద్యోగంలో ఉన్న చివరి రోజుల్లో నేనూ ఆ తొందరే పెట్టాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మీ నాయనకు ఇలా చెప్పు. మెసేజ్‌లో అంకెలు చూసి ఆగిపోవద్దు, మొత్తం చదవాలి. ఆధార్ వాళ్ళ మెసేజ్ అయితే ఆధార్ ఓటీపీ అని ఉంటుంది. బ్యాంకుదైతే బ్యాంకు పేరు ఉంటుంది, చాలాసార్లు ఎంత డబ్బు పోబోతోందో కూడా ఉంటుంది. ఎదురుగా క్లినిక్‌లో కూర్చున్న, ఊరికి తెలిసిన మనిషి, ఎందుకో చెప్పి అడిగితే, మెసేజ్ చదివి చెప్పొచ్చు. ఫోన్ చేసి అడిగినవాడు ఎవరైనా సరే, కలెక్టరాఫీసు అన్నా సరే, చెప్పకూడదు. ‘మీ ఆరోగ్య కార్డు రద్దయింది, ఈ యాప్ ఎక్కించుకోండి’ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపితే దాన్ని ముట్టుకోకూడదు. అది ఎక్కితే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లన్నీ వాడు చదువుతాడు, ఇక ఓటీపీ అడగాల్సిన అవసరం కూడా వాడికి ఉండదు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అంత దగ్గర్లో ఆగుతుంది. పొడి డబ్బులు కూడా అప్పుడు ఏ నంబరుకు, ఎలా కట్టాడో ఒకసారి చూడు. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే బ్యాంకుకు పోయి ఆ కార్డు ఆపించు.

నా సొంత అభిప్రాయం అడిగితే, ఆభా నంబరు తీసుకోండి, నష్టం లేదు. కానీ ఈ సంవత్సరం మీ నాయనకు దానికంటే ఒక ఇరవై రూపాయల నోటుపుస్తకం ఎక్కువ పనికొస్తుంది. ఎడమ పేజీలో తేదీ, షుగర్, బీపీ. కుడి పేజీలో ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు మారింది. అమ్మ రాయగలిగితే అమ్మే రాయాలి. నెలకోసారి నువ్వు ఆ పేజీ ఫోటో తెప్పించుకో. ఏ డాక్టరు ముందు కూర్చున్నా ఆ రెండు నిమిషాలూ వృథా కాకుండా చూసేది ఆ పుస్తకమే.

తమ్ముడి మాట కొట్టిపారేయొద్దు. ఫోన్‌లో వైద్యం మన సీమవాళ్ళకు కొత్త కాదు. పక్కన చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే ఉపగ్రహం సాయంతో పట్నం డాక్టర్లకు రోగులను చూపించారు. ప్రభుత్వం వారి ఈ-సంజీవని పల్లె క్లినిక్కుల్లో మొదలైంది 2019 నవంబరులో, అదీ దేశంలో ముందుగా మన ఆంధ్రలోనే. కరోనా లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్ నుంచి, ఇంట్లో కూర్చునీ మాట్లాడే వీలు కల్పించారు. రెండూ ఉచితమే. వీటిలో నాకు నచ్చేది క్లినిక్‌లో కూర్చుని మాట్లాడేది. బీపీ, షుగర్ చూసి చెప్పే మనిషి పక్కనే ఉంటుంది, అవతల డాక్టరు అడిగినదానికి జవాబు చెప్తుంది, చీటీ అక్కడే చేతికి వస్తుంది, చాలా మందులు అక్కడే దొరుకుతాయి. ఉరవకొండ నుంచి అనంతపురం యాభై కిలోమీటర్లు. ప్రతిసారీ ఆ దారి, ఆ కూలి పోగొట్టుకోవడం తప్పుతుంది. మీ నాయన తరిమేసింది కూడా ఆ క్లినిక్ మనిషినే. కాబట్టి ముందు ఆమె దగ్గరికి నువ్వే పోయి, ‘నాయన మాటలు పట్టించుకోవద్దక్కా’ అని ఒక మాట అనాలి. వాళ్ళకు ఇవి కొత్త కాదు. నన్ను ఒకాయన చీపురుతో తరిమాడు, తర్వాత ఆయన మనవరాలి కాన్పుకు నన్నే పిలిచాడు.

తమ్ముడు ప్రైవేటు యాప్‌లో మాట్లాడిస్తానంటే రెండు చూడమను. డాక్టరు తన పేరు, చదువు చెప్పాలి, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అలాగే చెప్తున్నాయి. రెండోది, ముఖం చూడకుండా మెసేజ్‌లతోనే మొదటిసారి మాట్లాడిన రోగికి, చీటీ లేకుండా షాపులో దొరికే మందులు తప్ప రాయకూడదు. ఎవరైనా వాట్సాప్‌లో రెండు ముక్కలు అడిగి షుగర్ మాత్రలు మార్చేస్తే ఆ మనిషికి దండం పెట్టి బయటికి రండి.

అయితే ఈసారికి ఫోన్ వైద్యం చాలదు. ఇన్ని నెలలు మందు లేని మనిషి పాదాలను చేత్తో పట్టుకుని చూడాలి. సన్నని నైలాన్ తీగతో తాకి స్పర్శ ఉందో లేదో చూడాలి. కంటి వెనక నరాల పొర చూడాలి. ఇవి కెమెరాకు అందవు. అనంతపురం పెద్దాసుపత్రికి ఒకసారి తీసుకురా, నువ్వు ఎలాగూ ఊర్లోనే ఉన్నావు. తర్వాతి నెలల్లో మందులు కొనసాగించడానికి, మోతాదు సరిచూడటానికి క్లినిక్ నుంచి వీడియో చాలు.

ఫోన్ లాక్కోవద్దు. లాక్కుంటే మీరు అటువైపు, వీడియో మనిషి ఇటువైపు అవుతారు, ఆయన ఇంకా బలపడతాడు. ఫోన్ ఎలా పనిచేస్తుందో చెప్పు. మనం ఏది ఎక్కువసేపు చూస్తే దానిలాంటివే తెచ్చి ముందు పెడుతుంది. ఒకటి చూస్తే పది వస్తాయి. పదీ ఒకటే మాట చెప్తుంటే ప్రపంచమంతా అదే అంటోందనిపిస్తుంది. నువ్వు పోయినప్పుడు ఆయన పక్కన కూర్చుని, ఆయన కళ్ళముందే, వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి, ఇష్టం లేదు అని, ఈ ఛానల్ చూపించొద్దు అని పెట్టు. చూసినవాటి చరిత్ర చెరిపెయ్. బదులుగా ఆయనకు నచ్చేవి నాలుగు చూపించు, శెనగ ధర, వాన కబురు, హరికథ, ఏదైనా సరే. వారం రోజుల్లో ఫోన్ రంగు మారుతుంది. వాట్సాప్‌లో వచ్చే మెసేజ్ మీద రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని గుర్తు. అటువంటివి 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్కరికో ఒక్క గ్రూపుకో మాత్రమే పంపగలం. వాట్సాప్ వాళ్ళకే అనుమానం వచ్చి కట్టేసిన గిత్త అది అని చెప్పు, నవ్వుతూనే అర్థం చేసుకుంటాడు.

మీ తమ్ముడి వయసువాళ్ళు ఇప్పుడు ఏఐని అడుగుతున్నారు. క్రియాటినిన్ అంటే ఏమిటి, డాక్టరును ఏమేం అడగాలి, ఇలాంటివి తెలుగులో అడిగితే బాగానే చెప్తుంది, నేనూ అడుగుతుంటాను. మాత్ర ఎంత వేసుకోవాలని మాత్రం అడగొద్దు. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినంత ధీమాగానే చెప్తుంది. పైగా నా ప్రశ్న ఉంది కదా, రేపు ఎవర్ని పట్టుకుంటాం?

రిపోర్టుల విషయంలో మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్తాను. మా ఆయనకు 68. ఒక ల్యాబువాళ్ళు వాట్సాప్‌లో రిపోర్టు పంపారు, షుగర్ బ్రహ్మాండంగా ఉంది. ఆయన ఆ సంతోషంలో మైసూర్‌పాక్ కూడా తెప్పించుకున్నాడు. రాత్రి నేను కళ్ళజోడు పెట్టుకుని చూస్తే వయసు 34 అని ఉంది. అదే పేరున్న ఇంకెవరిదో. ఆయన రిపోర్టు చూసుకుని ఆ కుర్రాడు ఎంత భయపడ్డాడో పాపం. పేరు, వయసు, తేదీ చూడందే అంకెల దగ్గరికి పోవద్దు. ఇంకా, ఆ రిపోర్టులు బంధువుల గ్రూపులో పెట్టొద్దు. సలహా ఇచ్చేవాళ్ళు ముప్పై మంది తయారవుతారు. మీ తమ్ముడికి సంబంధాలు చూస్తుంటే ఆ ఇంట్లో షుగర్ ఉందట అని పెళ్ళికూతురివాళ్ళకు మీకంటే ముందే తెలుస్తుంది.

నాయనను ఎలా బయల్దేరదీయాలని అడగలేదు గానీ, అదే కష్టం, నాకు తెలుసు. ‘నువ్వు తప్పు చేశావు’ అంటే రాడు. ‘కొర్రలు ఎంత పనిచేశాయో లెక్క తేల్చుకుందాం, మూడు నెలల పరీక్ష ఒకటుంది’ అను. పందెం అంటే మన సీమ మగాళ్ళు లేచి కూర్చుంటారు. పరగడుపున రావాలి కాబట్టి ముందు రోజు సాయంత్రమే మీ ఇంటికి రప్పించుకో. పొద్దున కాఫీ ఇవ్వొద్దు. రాత్రి పడుకునేముందు ఆయన పాదాలు ఒకసారి లైటు కింద చూడు, వేళ్ళ సందుల్లో, మడమల కింద. శెనక్కాయ చేన్లో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్ళు, ముల్లు గుచ్చుకున్నా తెలిసి ఉండదు. పుండు గానీ నల్లబారిన మచ్చ గానీ కనిపిస్తే పొద్దున్నే డాక్టరుకు మొదట అదే చూపించాలి.

హెచ్‌బీఏ1సీ ఎంత వచ్చిందో రాయి. అరటికాయకు వాచీ కడితే షుగర్ ఎంత చూపించిందో అది కూడా రాయి.